‘తా. బో. 1927’: మీ ఊరి పాత బడి కథ ఎక్కడ వెతకాలి, దేన్ని కాపాడాలి

మీరు రాసినది నాకు అర్థమైనంతలో ఇదీ. కోస్తాలో మీ ఊరు. రెండు గదుల పాత బడి, పెంకుల కప్పు, ముందు వసారా. గుమ్మం పైన సున్నంతో ఎత్తుగా తీర్చిన అక్షరాలు, ‘తా. బో. 1927’ అని. పక్కనే కొత్త గదులు వచ్చేశాయి కాబట్టి పాతదాన్ని కూల్చి ఆ జాగాలో వంట షెడ్డు వేద్దామని కొందరంటున్నారు. 2027లో నూరేళ్ళ పండగ చేసి, దాన్ని నిలబెట్టుకుందామని మీరూ మరికొందరూ అంటున్నారు. వెనక గోడలో ఇటుకలతో మూసేసిన చిన్న గుమ్మం ఒకటుంది, అదెందుకో ఎవరికీ తెలియదు. తా. బో. అంటే ఏమిటి, బడి చరిత్ర ఎక్కడ దొరుకుతుంది, ఇంత చిన్న కట్టడానికి వారసత్వ విలువ ఉంటుందా అని అడిగారు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా పల్లెటూరి ప్రాథమిక బళ్ళలో పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత శతజయంతులు చేసుకునే ఊళ్ళకు వెళ్ళి పాత కాగితాలు చదివిపెట్టడం అలవాటైంది. జవాబు కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకండి.

తా. బో. అంటే తాలూకా బోర్డు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 స్థానిక బోర్డుల చట్టంతో జిల్లాకో బోర్డు, దాని కింద తాలూకా బోర్డులు వచ్చాయి. రోడ్లు, సత్రాలు, ఆసుపత్రులతో పాటు ఊరి బళ్ళు కూడా వాటి కిందే ఉండేవి. 1934లో తాలూకా బోర్డుల్ని ఎత్తేసి ఆ పనంతా జిల్లా బోర్డులకు అప్పగించారు. అంటే ఆ రెండు పొట్టి అక్షరాలు మీకు ఉచితంగా ఒక సాక్ష్యం ఇస్తున్నాయి. తర్వాతెవరో సరదాగా పాత తేదీ వేయించి ఉంటే ‘తా. బో.’ అని రాయించాలన్న ఆలోచనే వాళ్ళకు వచ్చేది కాదు. 1927ని నమ్మొచ్చు.

ఊళ్ళో మనుషులు బడిని పిలిచే పేర్లలోనూ ఇలాంటి పొరలే ఉంటాయి. ఎనభై దాటినవాళ్ళు ‘బోర్డు స్కూలు’ అంటారు. 1960ల్లో చదివినవాళ్ళు ‘సమితి స్కూలు’ అంటారు, ఎందుకంటే 1959లో జిల్లా బోర్డులు పోయి పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. 1986 చట్టంతో సమితులు పోయి మండలాలు రంగం మీదికి వచ్చాక ‘మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల’ అయింది. ఇప్పటి పిల్లలైతే ఎంపీపీఎస్ అనేసి ఊరుకుంటారు. మీ గోడమీద సున్నం పెచ్చులు ఊడినచోట మెల్లగా గీకి చూడండి, ఈ పేర్లు ఒకదాని కింద ఒకటి కనబడినా ఆశ్చర్యపోను. ఒక ఊళ్ళో నేను నీలం రంగు కింద ‘పంచాయతి సమితి’, దాని కింద కావిరంగులో ‘బోర్డు ఎలిమెంటరి’ అనే అక్షరాలు చదివాను. సమాచారం మాట అలా ఉంచితే, అది చదువుతున్నప్పటి ఆనందమే వేరు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1927 మీ కట్టడం వయసు. బడి వయసు అది కాకపోవచ్చు. ఈ రెంటినీ కలిపేయడమే శతజయంతి కమిటీలు చేసే మొదటి పొరపాటు.

మన ఊళ్ళలో బడి అంటే చాలాకాలం పాటు కట్టడం కానే కాదు, అయ్యవారు. ఆయన ఎవరి అరుగు మీద కూర్చుంటే అదే బడి. గుడి మండపమో, చావిడో, మర్రిచెట్టు నీడో అయినా సరే. ఇంగ్లీషువాళ్ళు వీటిని అరుగు బళ్ళనే అర్థం వచ్చేలా పిలిచారు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో కలెక్టర్లందరినీ మీ జిల్లాలో బళ్ళెన్ని, పిల్లలెందరు, వాళ్ళ కులాలేమిటి అని అడిగాడు. 1826 మార్చిలో ఆయన తేల్చిన లెక్క ప్రకారం ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బళ్ళు, పై చదువుల చోట్లతో కలిపి. వాటిలో 1,88,650 మంది చదువుకుంటున్నారు. జనాభా కోటీ ఇరవై ఎనిమిది లక్షల పైచిలుకు, అంటే సుమారు వెయ్యిమందికి ఒక బడి. అప్పటి బళ్ళారి జిల్లాలో, అంటే ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసిన జిల్లాలో, 533 బళ్ళకు 6,641 మంది పిల్లలు. బడికి పన్నెండు, పదమూడు మంది. ఇవాళ మనం మూసేద్దామంటున్న ఏకోపాధ్యాయ బళ్ళ లెక్క కూడా దాదాపు ఇంతే!

ఆ జిల్లా కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో ఒక చిన్న వివరం నాకు చాలా ఇష్టం. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవాళ్ళకు ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా హెడ్మాస్టారు కూడా ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఇలాగే వరసన లెక్క పెంచుతూ వడ్డించేవారు. ఆయన క్యాంప్‌బెల్ పేరు విని ఉండరు. నూటయాభై ఏళ్ళ అలవాటు అది, కాగితం లేకుండానే చేతిలోంచి చేతికి వచ్చేసింది.

ఆ అరుగుకు ఒక యజమాని ఉండేవాడు. అరుగు ఎవరిదైతే ఎవరు ఎక్కవచ్చో వాళ్ళే నిర్ణయించేవారు. గుడి మండపమైతే ఇక చెప్పనక్కర్లేదు. అయ్యవారికి జీతం అంటే నెలకింత గింజలు, పండక్కి బట్టలు, దసరాకు పిల్లలు విల్లంబులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తెచ్చే దక్షిణ. గింజలు కొలవగలిగిన ఇళ్ళ పిల్లలకే చదువు. ఆడపిల్లలు ఎక్కడో ఒకరు. అందుకే అరుగు మీదినుంచి బడి సొంత కప్పు కిందికి మారిన రోజు ఏ ఊరికైనా పెద్ద రోజు. గుడి కాకుండా, ఎవరి ఇల్లూ కాకుండా, అందరిదీ అని కాగితం మీదైనా రాసుకున్న మొదటి గోడలు చాలా పల్లెల్లో బడి గోడలే. మీ రెండు గదుల విలువ ఎక్కడుందని నన్నడిగితే ఇక్కడే ఉందంటాను. దూలాల మీద చెక్కడం ఉందా లేదా అన్నది తర్వాతి మాట.

1927 అనే సంవత్సరం కూడా ఊరికే రాలేదు. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. స్థానిక సంస్థలు విద్యా పన్ను వేసుకోవచ్చు, వాళ్ళు వేసిన దానికి ప్రభుత్వం తన వంతు కలుపుతుంది, కావాలనుకున్న ప్రాంతంలో నిర్బంధ విద్య కూడా పెట్టుకోవచ్చు. ఆ దశాబ్దంలో బోర్డు బళ్ళు జోరుగా పెరిగాయి. మీ ఊళ్ళో అంతకుముందు ఎయిడెడ్ బడి ఒకటి ఉండేదేమో కనుక్కోండి. అయ్యవారే మేనేజరుగా గ్రాంటు తెచ్చుకుని నడుపుకునే బళ్ళు అప్పట్లో చాలా ఉండేవి. 1860ల నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటిదాకా పిల్లలు పరీక్షలో ఎంతమంది గట్టెక్కితే అంత గ్రాంటు అనే పద్ధతి నడిచింది. తనిఖీదారు వస్తున్నాడంటే అయ్యవారికి ఎంత టెన్షనో ఊహించుకోండి! ఆ టెన్షన్ వల్ల మనకు మేలే జరిగింది. గ్రాంటు కావాలంటే రిజిస్టర్లు ఉండాలి. అరుగు బడికి లేని కాగితం గ్రాంటు బడికి పుట్టింది అలాగే.

బడి వయసు తేల్చేది ఆ కాగితమే. హెడ్మాస్టారిని అడిగి బీరువా తీయించండి. మీకు కావలసింది అడ్మిషన్ రిజిస్టరు, అంటే ఎవరు ఏ రోజు చేరారు, ఏ రోజు మానేశారు అని రాసే లావుపాటి పుస్తకం. హాజరు పట్టీలు కొన్నేళ్ళకు తీసిపారేస్తారు కానీ అడ్మిషన్ రిజిస్టరు శాశ్వత రికార్డు. పుట్టిన తేదీకి, కులానికి ఇప్పటికీ దాన్నే చూస్తారు కాబట్టి సాధారణంగా భద్రంగానే ఉంటుంది. ‘సాధారణంగా’ అని ఎందుకన్నానంటే, ఒక ఊళ్ళో స్వాతంత్ర్యానికి ముందు పుస్తకాలు మూడూ పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్ళిపోయాయి. గది ఖాళీ చేసినవాళ్ళు చెదలు పట్టాయనుకున్నారు. నేను వెళ్ళేసరికి వారం ఆలస్యమైంది. కాబట్టి గోడల గొడవ తర్వాత, ముందు రిజిస్టర్లు. ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో తీసి మూడుచోట్ల దాచండి. లామినేషన్ చేయించకండి, సెలోటేపు అంటించకండి. చెదలు కనబడితే నూలు బట్టలో చుట్టి పొడిగా ఉండే ఇనప బీరువాలో పెట్టండి. ఇంకొక మాట, అందులో అందరి కులాలు, తండ్రుల పేర్లు ఉంటాయి, కొందరు ఇంకా బతికే ఉంటారు. ఉత్సాహంలో వాట్సాప్ గ్రూపులో పేజీలు పెట్టేయకండి. నేనొకసారి అలా పెట్టి ఒక కుటుంబానికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

ఆ పుస్తకం చదివే పద్ధతి ఒకటుంది. మొదటి పేజీలో క్రమసంఖ్య ఒకటితో మొదలైందా, నూట నలభైతో మొదలైందా చూడండి. ఒకటి కాకపోతే దానికి ముందు ఇంకో పుస్తకం ఉండేదన్నమాట, బడి 1927 కన్నా పాతది. ఒకే రోజున నలభై మంది చేరినట్టుంటే అది ఎయిడెడ్ బడిని బోర్డు తీసుకున్న రోజు కావచ్చు. పుట్టిన తేదీల దగ్గర సగం మందికి జూలై ఒకటి అని ఉంటే నవ్వుకోండి. తల్లి ‘పెద్ద గాలివాన వచ్చిన ఏడు’ అని చెబితే పంతులుగారు వేళ్ళమీద లెక్కేసి రాసిన తేదీ అది. మా నాన్నగారు కూడా జూలై ఒకటినే పుట్టారు, కాగితం ప్రకారం.

అన్నిటికన్నా మాట్లాడే గడి ‘బడి విడుచుటకు కారణము’. ఒక బోర్డు బడి పుస్తకంలో 1930ల పేజీ ఒకటి నా దగ్గర ఫొటోగా ఉంది. పదిహేను పేర్లు. నలుగురికి ‘పై తరగతికి పోయినందున’. ఆరుగురికి ‘పశువుల కాపలాకు’. ఒకడికి ‘తండ్రి కాలము చేసినందున’. ఇద్దరు ఆడపిల్లలకు ‘వివాహమైనందున’, ఒకరు రెండో తరగతి, ఒకరు మూడు. మిగిలిన ఇద్దరికి ‘దీర్ఘకాలము రానందున’. అందంగా, నిబ్బుతో, ఒకే సిరాతో రాశారు. ‘పశువుల’ దగ్గర మాత్రం సిరా కాస్త అలికినట్టుంది. ఊరి చరిత్ర రాయమంటే మనం జమీందారు పేరుతో మొదలెడతాం, ఈ పేజీ దానికన్నా ఎక్కువ చెబుతుంది.

కులం గడిని కూడా తప్పించుకోకుండా చదవండి. ఊళ్ళో ఏయే వీధుల పిల్లలు ఏ సంవత్సరం నుంచి కనబడుతున్నారు? పల్లె పిల్లలు, అంటే ఊరి అంచున దళితవాడ పిల్లలు, మొదటిసారి ఎప్పుడొచ్చారు? కొన్ని ఊళ్ళలో జవాబు 1940ల దాకా రాదు. అలాంటప్పుడు వాళ్ళు చదువుకోలేదని కాదు, వేరేచోట చదువుకున్నారు. గుంటూరు ప్రాంతంలో 1842 నుంచి లూథరన్ క్రైస్తవ మిషనరీలు, ఒంగోలులో 1866 నుంచి అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు పనిచేశారు. వాళ్ళ ప్రార్థన మందిరమే వారం రోజులూ బడి, అక్కడి మతబోధకుడు, అంటే ఉపదేశే, పంతులు. 1919-20 నుంచి మద్రాసు ప్రభుత్వం లేబర్ డిపార్టుమెంటు కింద అణగారిన కులాల పిల్లలకు విడిగా బళ్ళు పెట్టింది. వాటినే జనం ‘లేబర్ స్కూళ్ళు’ అన్నారు. మీ ఊరి పల్లెలో అలాంటి బడి ఆనవాలు ఉంటే, అది పడిపోయిన పూరిపాక పునాదైనా సరే, మీ నూరేళ్ళ కథలో దానికి సగం వాటా ఉంది. ఆ కథ లేకుండా వేసే సావనీరు నేనైతే కొనను.

అమ్మాయిల లెక్కకూ ఇదే వర్తిస్తుంది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారని అందరం చెప్పుకుంటాం. మీ ఊళ్ళో అయిదో తరగతి దాకా వచ్చిన మొదటి అమ్మాయి ఎవరో ఎవరికీ తెలియదు. రిజిస్టరులో ఆమె పేరుంటుంది. ఆమె మనవలు ఊళ్ళోనే ఉండొచ్చు.

కాగితాలు బడి బయట కూడా ఉంటాయి. జాగా ఎవరిచ్చారో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దానపత్రం నకలు అడగండి. కంప్యూటర్లో దొరికే ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల పత్రం, అంత వెనక్కి వెళ్ళదు, పాత ఇండెక్స్ పుస్తకాల్లో ఊరి పేరు మీదా, దాత పేరు మీదా వెతికించుకోవాలి. 1920 నుంచి 1930 దాకా పెట్టుకోండి. బడి గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళ స్థలంలో, ఉంటే విడిగా సర్వే నంబరు దొరకదు, కంగారుపడకండి. రైత్వారీ ఊరైతే, అంటే రైతులు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టిన ఊరైతే, తహశీల్దారు ఆఫీసులో డైగ్లాట్ అనే పాత భూమి రిజిస్టరు చూడండి. జమీందారీ ఊరైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంటు దాకా ప్రభుత్వ రికార్డు పెద్దగా ఉండదు. పాత కాగితాల్లో ఫస్లీ సంవత్సరాలు, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరాలు, ఉంటే 590 కలపండి. ఫస్లీ 1337 అంటే 1927 జూలై నుంచి 1928 జూన్ దాకా. అదృష్టం, ఓపిక రెండూ ఉంటే చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో మద్రాసు విద్యాశాఖ, స్థానిక బోర్డుల ఫైళ్ళు చూడొచ్చు. ముందు కలెక్టరాఫీసు రికార్డు రూము సంగతి తేల్చుకుని తర్వాత రైలెక్కండి.

ఇది చదివే తెలంగాణవాళ్ళకు ఒక మాట. మీ దగ్గర ఇదంతా వేరు. నిజాం రాజ్యంలో సర్కారీ ప్రాథమిక బడి ‘తహతానియా’, కాగితం ఉర్దూలో, ప్రయివేటు బళ్ళు ‘ఖాన్గీ’. తెలుగు బడి నడపడానికి అనుమతి తెచ్చుకోవడమే ఒక ఉద్యమం. 1930లో జోగిపేట ఆంధ్ర మహాసభ నాటికి అది పెద్ద సమస్యల్లో ఒకటి. భూమికి సేత్వారు, ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డులు చూడాలి. ఉర్దూ చదవగలిగిన పెద్దమనిషిని ముందే పట్టుకోండి, ఏటేటా తగ్గిపోతున్నారు.

శిలాఫలకాల విషయంలో నా అనుభవం ఒకటి చెబుతాను, మీరు ఈ గుంటలో పడకుండా. ఒక బడి వసారా మెట్టు పక్కన గోడలో పొదిగిన రాయి మీద ‘1931, ధర్మార్థము’ అని ఉంది. సంబరపడి బడి పుట్టిన తేదీ అదేనని చెప్పేశాను, బ్యానరు కూడా వేశారు. పండగ రోజు ఒక ముసలామె వచ్చి ‘అది బావి రాయి నాయనా, బావి పూడ్చినప్పుడు తెచ్చి ఇక్కడ కట్టారు’ అంది. మీ అక్షరాలు గోడలోనే సున్నంతో తీర్చినవి కాబట్టి ఆ భయం తక్కువ. పెంకుల మీద ముద్రలు చూసేటప్పుడు మాత్రం గుర్తుపెట్టుకోండి, పెంకులు కూడా నడుస్తాయి. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషన్ వాళ్ళు 1865లో మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్ళ ఫ్యాక్టరీలు కామన్వెల్త్ ట్రస్టు చేతికి వెళ్ళాయి. ముద్రను బట్టి పెంకు వయసు అంచనా వేయొచ్చు, ఇంటి వయసు వేయలేం.

కట్టడం విషయానికొస్తే, నేను ఇంజనీరును కాను, మంచి మేస్త్రీలతో తిరిగినవాణ్ణి. 1927 గోడ అంటే సున్నం గోడ. అది తేమను పీల్చి వదులుతుంది, ఊపిరి తీస్తుందంటారు మేస్త్రీలు. దానిమీద సిమెంటు పూత వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక ఉప్పు పొంగి ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది. ఆయిల్ పెయింటూ అంతే. మన బళ్ళను వాన కన్నా ఎక్కువగా పాడుచేసింది రిపేర్లే. ఏటా మార్చిలో నిధులు ఖర్చుపెట్టాలని సిమెంటు మెత్తడం, పైన రంగులేయడం. మీ గోడల కింది మూడు అడుగులు పెచ్చులూడుతున్నాయని రాశారు కదా, దానికి ఒక కారణం రోడ్డు కావచ్చు. రోడ్డు వేసినప్పుడల్లా జానెడు ఎత్తు పెరుగుతుంది, బడి పల్లమైపోతుంది, వాన నీళ్ళు గోడ మొదట్లో నిలుస్తాయి. చుట్టూ చిన్న కాలవ తీసి నీరు బయటికి పంపితే సగం జబ్బు తగ్గుతుంది. కప్పులో పగిలిన పెంకులు మార్చడం, దూలాల చివర్లు గోడలో దిగినచోట చెద చూడటం, గోడలో మొలిచిన రావి మొక్కను వేరుతో సహా చంపడం, ఇవి ఖరీదైన పనులు కావు. పెంకులు తీసేసి పాత గోడల మీద శ్లాబు వేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, ఆ గోడలు ఆ బరువుకు కట్టినవి కావు.

సెంటిమెంటు కోసం పిల్లల్ని అపాయంలో పెట్టవద్దు. 2004 జూలైలో కుంభకోణంలో ఒక బడి పూరికప్పు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. కప్పు సంగతి ఇంజనీరు చూసి బాగుందనే దాకా ఆ గదుల్లో తరగతి పెట్టనివ్వకండి, తాళం వేసి ఉంచండి. ‘శిథిలం’ అనే మాట ఇంజనీరు కాగితం మీద రాస్తేనే చెల్లుతుంది, పక్కనున్న కాంట్రాక్టరు నోటిమాటగా అంటే చెల్లదు. ఆ కాగితం వచ్చిందా అని అడగండి. వస్తే కప్పుకా గోడలకా అని కూడా అడగండి. కప్పు పాడైనంత మాత్రాన గోడలు కూల్చనక్కర్లేదు.

చట్టం మీద ఆశ పెట్టుకోకండి. పాత కట్టడాల రక్షణకు కేంద్రం 1958 చట్టం, మన 1960 రాష్ట్ర చట్టం, తెలంగాణలో 2017 వారసత్వ చట్టం ఉన్నాయి. కానీ అవి గుళ్ళు, కోటలు, పేరున్న భవనాల వైపు చూస్తాయి. మీ రెండు గదుల బడిని రక్షిత కట్టడంగా ప్రకటిస్తారని ఎదురుచూస్తే ఈలోపు వంట షెడ్డు వచ్చేస్తుంది. ఒకవేళ ప్రకటించినా మేకు కొట్టాలంటే అనుమతి కావాలి, తాళం పడుతుంది, తాళం పడ్డ బడి పదేళ్ళలో దానంతటదే కూలుతుంది. దానికన్నా బడి తల్లిదండ్రుల కమిటీ తీర్మానం, గ్రామసభ తీర్మానం, మండల విద్యాధికారికి ఒక అర్జీ, వంట షెడ్డుకు ఇంకో జాగా చూపిస్తూ ఒక చేతి పటం, ఈ నాలుగూ ఎక్కువ పనిచేస్తాయి. ముఖ్యంగా ఆ చివరిది. కూల్చొద్దంటే ఎవరూ వినరు, ‘ఇక్కడ వేయండి’ అంటే వింటారు.

నిలబెట్టాక వాడండి. ఒక గది లైబ్రరీ, ఒక గది చిన్నపిల్లల ఆటలకు. మ్యూజియం అంటారు చాలామంది. పాత గంట, సుద్దముక్కల పెట్టె, గాంధీగారి పటం పెట్టి రిబ్బను కత్తిరిస్తారు, రెండో నెల నుంచి అక్కడ ఎన్నికల సామాను ఉంటుంది. నాకు ఆ సరదా లేదు. మీకు ఏదన్నా చూపించాలనుంటే ఒక గోడ మీది నల్లబల్లను అలాగే ఉంచండి. బొగ్గు పొడిలో ఆకు పసరు కలిపి సెలవుల ముందు పిల్లలచేతే రుద్దించిన బల్ల అది. దాన్ని గీకి ఆకుపచ్చ రంగు వేయకుండా చూస్తే చాలు.

మాటల్లో పడి వెనక గుమ్మం సంగతి చివరికి మిగిలింది. మీరు పంపిన వివరాన్ని బట్టి అది సుమారు రెండున్నర అడుగుల వెడల్పు, పల్లె వైపు గోడలో ఉంది, మూసిన ఇటుకలు గోడ ఇటుకల కన్నా చిన్నవి. పల్లె పిల్లలకు విడిగా పెట్టిన దారి అని చెప్పేయాలని మనసు లాగుతుంది. అంత తొందరొద్దు. గాలి కోసం ఎదురెదురు గుమ్మాలు పెట్టడం మామూలే. అటువైపు బావో, పంతులుగారి వంటపాకో ఉండి ఉండొచ్చు. ముందు మూసిన ఇటుకల మధ్య ఉన్నది సున్నమా, సిమెంటా చూడండి. సిమెంటైతే మూసింది కట్టిన చాలాకాలానికి. గుమ్మం రాయి మీద అరుగుదల ఉందేమో చేత్తో తడిమి చూడండి, పిల్లల కాళ్ళు నడిచిన రాయి మధ్యలో గుంట పడుతుంది. నీళ్ళ కుండ ఎక్కడుండేదో, ఎవరు పోసేవారో, ఎవరు ఎక్కడ కూర్చునేవారో కూడా అడగండి. ఈ ప్రశ్నలు మాత్రం ఊళ్ళో పెద్దమనుషుల దగ్గర కాదు, పల్లెలో ఎనభై దాటిన ఆడవాళ్ళ దగ్గర అడగండి. కమిటీ అంతా కట్టకట్టుకుని వెళ్ళకుండా ఒక్కరే వెళ్ళండి. వాళ్ళేం చెప్పారో రాస్తే మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఆ ఇటుకలు తీయించకండి.